వాయిదా భోజనాలు

పున్నయ్య దావా గెలిచాడు. గెలిచి, తిన్నగా ప్లీడర్ల పేటలోని అలీ సాహెబు హోటలుకొచ్చి ఏడుపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

ఎదురుగా పొట్టేలు నల్లీలు పొగలు కక్కుతున్నాయి. చెయ్యి మాత్రం పళ్ళెంలోకి వెళ్ళడం లేదు.

అలీ సాహెబుకు గాభరా పుట్టింది. "ఏంది పున్నయ్యా, ఓడిపోయినావా?"

"గెలిచా సాహెబూ" అన్నాడు పున్నయ్య.

ఆ బాధ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. యుద్ధం జరుగుతున్న రోజుల్లో పున్నయ్యకు సన్నిపాత జ్వరం వచ్చింది. మొగుడు బతికి బట్టకడితే ఇంట్లో నీచు వాసన రానివ్వనని ఆయన భార్య రామాయమ్మ కోటప్పకొండ దేవుడికి మొక్కుకుంది. మనిషి బతికాడు. నాలుకే చచ్చిపోయింది.

పొద్దున సొరకాయ, రాత్రికి బీరకాయ. మాంసం ముక్క లేనిదే ముద్ద దిగని మనిషికి పక్కింటి కోడి కూత వినిపించినా కళ్ళు చెమర్చేవి. ఈపూరులో ఎవరింట్లోనైనా తిందామంటే రామాయమ్మ ముందే అందరికీ గట్టిగా చెప్పి పెట్టింది. సంతకని బయల్దేరితే తనూ బండెక్కి కూర్చునేది.

ఆవిడ వెంట రాని చోటు ఒక్కటే, కోర్టు. "మా వంశంలో ఆడది కోర్టు మెట్లెక్కలా" అనేది గర్వంగా.

మొక్కు పడిన ఏడాదే గట్టు తగాదా వచ్చింది. పక్క చేనువాడు తన గట్టు జానెడు మేర దున్నేశాడని పున్నయ్య ఊరంతా యాగీ చేశాడు. నిజానికి ఆ గట్టు మీద గడ్డి తప్ప ఏనాడూ ఏమీ మొలవలేదు. ఊళ్ళోనే తేల్చుకోండర్రా అని పెద్దలు నచ్చజెప్పారు. "ప్రాణమైనా ఇస్తాగానీ గట్టు ఇయ్యను" అని పున్నయ్య తొడకొట్టి నరసరావుపేట మునసబు కోర్టులో దావా పడేశాడు. ఆ శత్రువు పేరు ఇంట్లో ఎవరైనా ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. సొరకాయ వండిన రోజైతే తనే గుర్తుచేసుకుని మరీ లేచేవాడు.

మొగుడి పౌరుషం చూసి రామాయమ్మ మురిసిపోయింది. వాయిదా ఉన్న రోజు తెల్లారకముందే లేచి పెరుగన్నం, మాగాయి మూట కట్టి ఇచ్చేది. శావల్యాపురం స్టేషను దాకా తీసుకెళ్ళే బండివాడు ఆ మూటలు తిని బాగా ఒళ్ళు చేశాడు.

ప్లీడర్ల పేట అంటే మాటలా! వరసగా మేడలు, ఎలక్ట్రిక్ దీపాలు, గేటుకో కుక్క. కక్షిదారుల కోసం ఆ మేడల మధ్యే హోటళ్ళు వెలిశాయి. పాలరాతి బల్లలు, గోడలకు నిలువుటద్దాలు. పున్నయ్య ఒక్కదాన్నీ వదల్లేదు. రంగూన్ నుంచి తిరిగొచ్చినాయన పెట్టిన హోటల్లో మిరియాల వేపుడు దివ్యంగా ఉండేది. వీధి చివరి హోటల్లో బల్ల మీద పూలగుత్తి పెట్టేవారు. పువ్వు పెద్దది, ముక్క చిన్నది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఎన్ని తిరిగినా చివరికి మనసు అలీ సాహెబు దగ్గరే నిలబడేది.

దావా ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే ఆయనకు కూరలే గుర్తొచ్చేవి. దావా వేసిన రోజు తలకాయ కూర. అవతలివాడు జవాబు దాఖలు చేసిన రోజు కైమా. కమీషనరు గట్టు కొలిచి రిపోర్టు ఇచ్చిన రోజు బోటీ. ప్లీడరుకు జలుబు చేసి వాయిదా పడిందంటే ఆ ప్లీడరు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది.

హోటల్లో తోడుగా కోటయ్య ఉండేవాడు. ఆయనదీ ఈపూరే, వరసకు బావ. ఆయనకూ కోర్టు గొడవ ఉంది. ఆయన భార్య పార్వతమ్మ రామాయమ్మకు తోడుగా కొండెక్కి, ఊరికే రావడం ఎందుకని తనూ అదే మొక్కు మొక్కుకొచ్చింది. పున్నయ్య శావల్యాపురంలో రైలెక్కితే, కోటయ్య వినుకొండ దాకా వెళ్ళి అక్కడ ఎక్కేవాడు. ఇద్దరూ అలీ సాహెబు బల్ల దగ్గరే కలుసుకునేవారు.

అంతా సవ్యంగా సాగుతుండగా కొత్త మునసబు వచ్చాడు. ఆయనకు వాయిదా అంటే ఒళ్ళుమంట. ఇవాళ పొద్దున్నే తీర్పు చదివేశాడు. గట్టు పున్నయ్యదేనట.

కోటయ్య నల్లీ ఎముక జుర్రి పక్కన పెట్టాడు.

"తిను బావా, చల్లారిపోద్ది."

"ఎట్టా తినను? ఇదే ఆఖరు ముద్ద. రేపటి నుంచి మళ్ళీ ఆ సొరకాయే గదా!"

"దావా గెలిచినోడు ఇట్టా ఏడవడం యాడా చూళ్ళేదు."

"గెలవబట్టే ఏడుస్తున్నా. ఓడిపోతే అప్పీలన్నా వేసుకునేవాణ్ణి. మా ప్లీడర్ని అడిగి చూశా. గెలిచినోడు అప్పీలు వేస్తానంటే జనం నవ్వుతారన్నాడు."

కోటయ్య ఇంకో ఎముక అందుకున్నాడు. "గుంటూర్లో పలావు చానా బాగుంటదంట బావా."

"జిల్లా కోర్టు ఉన్న ఊరు, ఎందుకు బాగుండదు? నాకిక గుంటూర్లో ఏం పని!" అని పున్నయ్య కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

కోటయ్య నవ్వి, తన పళ్ళెంలోని పెద్ద నల్లీ తీసి పున్నయ్య పళ్ళెంలో వేశాడు.

"ఓడినోణ్ణి నేనుండగా నీకెందుకు బావా దిగులు, రేపే గుంటూరెళ్ళి నీ మీద అప్పీలు పడేస్తాగా!"