గురువారం అవ్వ

"ఇవాళైనా ఇస్తారా, ఉస్తోజ్?"

తువ్వాళ్ళు మడతపెడుతూ అడిగింది గుల్చెహ్రా. మర్గిలాన్ ఊరి బజారు వెనక సందులో సొంత సెలూన్‌కి గది చూసుకుంది. సున్నం వేయించింది, అద్దం బిగించింది. ఇక కావలసింది ఒక్కటే. పని నేర్పిన ఉస్తోజ్, అంటే గురువు, శిష్యురాలు అరచేతులు చాపితే ఫాతిహా ప్రార్థన చదివి దీవించాలి. ఆ దీవెన లేకుండా సొంత కొట్టు తెరిస్తే చేతికి అచ్చిరాదని ఊరంతా నమ్మకం.

"నీళ్ళు కాగాయేమో చూడు. అవ్వ వచ్చే వేళయింది," అంది ఆమెకు పని నేర్పిన మవ్జుదా.

గుల్చెహ్రాకు ఒళ్ళు మండింది. ఏడేళ్ళుగా ఈ సెలూన్‌లో నిలబడి నిలబడి కాళ్ళు వాచాయి, రంగులు కలిపి వేళ్ళు పగిలాయి. ఎదురు సెలూన్ వాళ్ళు రెండింతల జీతమిస్తామన్నా ఈ గడప దాటలేదు. అంతా ఆ దీవెన కోసమే.

"నాతోపాటు నేర్చుకున్న దిల్‌బర్ దీవెన అడక్కుండానే పోయింది. దాని కొట్టు నడవట్లేదా?"

"ఎందుకు నడవదూ! నాదీ నడుస్తోందిగా."

"పోనీ, నా పనిలో వంకేమైనా ఉందా?"

"నీ చెయ్యి నా చేతికంటే మంచిదే తల్లీ. కాస్త ఓపిక పట్టు."

సబోహత్ అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ప్రతి గురువారం వస్తుంది. ఆ తలను మవ్జుదా ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు, పైసా తీసుకోదు. అత్తగారికి కూడా ఎవరూ అంత సేవ చేయరు. మతిమరుపు అవ్వకు మాత్రం ప్రతివారం అందరూ కొత్తే.

"ఎవరే నువ్వు? నీళ్ళు చల్లగా తగలడ్డాయి! ఎవరు నేర్పారే నీకీ పని?"

మవ్జుదా నవ్వి, ఇంకాస్త వేణ్ణీళ్ళు కలిపింది.

జడ సగంలో ఉండగా అవ్వ గొంతు మెత్తబడింది. "నా దగ్గర ఈ పనే నేర్చుకుంటూ ఒకతె ఉండేది. బంగారంలాంటి పిల్ల. ఓ పొద్దున చెప్పాపెట్టకుండా పోయింది. ఇప్పటికీ గుమ్మం వైపే చూస్తుంటా."

"వస్తే తిడతారా?" అడిగింది మవ్జుదా.

"ముందు కడుపునిండా తిండి పెడతా. తర్వాత తిడతా."

ఆ పిల్లెవరో గానీ రాతిగుండెది అనుకుంది గుల్చెహ్రా. ప్రతివారం ఈపాటికి "టీ పెట్టుకురా" అని తనను లోపలికి పంపేసే మవ్జుదా, ఇవాళ పంపలేదు. జడ ముడివేసి అవ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు అరచేతులూ చాపింది.

"డబ్బులా? తేవడం మర్చిపోయానే," అంది అవ్వ కంగారుగా.

"డబ్బులొద్దు."

"మరేం కావాలే?"

"ఇవాళైనా ఇస్తారా, ఉస్తోజ్?" అంది మవ్జుదా.