పీకేసిన మొక్కలు

హనుమంతమ్మ ఆ పూట నలభై మూడో మొక్కను వేళ్లతో సహా పెరికి గోనెసంచిలో వేసింది.

గట్టు మీద నుంచి మరిది ఉరుకుందప్ప అరుస్తూనే ఉన్నాడు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం అది. ఎమ్మిగనూరు పక్క పల్లెల్లో వేరుశనగ, పత్తి తప్ప మరోటి ఎరగరు. కన్నడ సీమ నుంచి విత్తనం తెప్పించి బావుల కింద ఉర్లగడ్డ, అంటే బంగాళాదుంప, వేసింది ఊళ్లో వాళ్లిద్దరే. వంక అవతల తన చేలో అతను ఒక్క మొక్కనూ ముట్టుకోలేదు.

"వదినా, నీకు సేద్యం యాడ సాగుతాది? నాకు గుత్తకిచ్చి ఇంట్లో కూసో."

అన్న పోయినప్పటి నుంచి అతనిది అదే మాట. ఊరు కూడా అతని వైపే.

"పైరు సెడితే ఇస్తా. అంతదాకా ఈ సేన్లో మాట నాదే," అని ఆమె మళ్లీ సాల్లోకి దిగింది.

ముడత తెగులు తగిలిన మొక్క ఇక బాగుపడదనీ, దాన్ని ఉంచితే పేనుబంక పురుగు ఆ రోగాన్ని పది మొక్కలకు మోస్తుందనీ గ్రామసేవక్ చెప్పి పోయాడు. రోగపు ఆకుల రంగుల పటం కూడా ఇచ్చాడు. ఆమె దాన్ని విప్పకుండానే చూరులో దోపింది. మాట మాత్రం మరవలేదు. రోజూ సాలు సాలునా వంగి నడిచింది. ప్రతి మొక్క అడుగాకునూ వేళ్ల మధ్య నలిపింది. మెత్తగా ఉంటే వదిలింది. అట్టలా బిరుసెక్కి గలగలమంటే గడ్డలతో సహా పెరికి, దూరంగా గుంతలో పూడ్చింది. నడుము పట్టేసిన రోజు మోకాళ్ల మీద పాకింది.

మూడు వారాల్లో చేను అక్కడక్కడా బోడిదైంది. దారిన పోయేవాళ్లు నవ్వుకుంటూ పోయారు. ఆమె తల ఎత్తలేదు.

పుష్యమాసంలో ఆదోని నుంచి వ్యవసాయ ఆఫీసరు గురురాజ వచ్చాడు. ముందు వంక అవతలికి వెళ్లాడు. అక్కడ ఆకులన్నీ దొన్నెల్లా చుట్టుకున్నాయనీ, తవ్వితే గోలీలంత గడ్డలు వచ్చాయనీ హనుమంతమ్మకు కబురు ముందే అందింది.

తర్వాత ఆయన ఆమె చేలో చాలాసేపు తిరిగాడు. ఒక్క రోగపు మొక్కా దొరకలేదు. తవ్విస్తే పిడికిట్లో పట్టనంత గడ్డలు. గట్టెక్కి, ఇంత శుభ్రంగా మొక్కలు ఏరిందెవరని అడిగాడు.

"నేనే సామీ."

ఆయన నమ్మలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఈ తెగులు దగ్గర తానే ఎన్నోసార్లు పొరబడ్డానన్నాడు. నిజం చెప్పమని పక్కనున్న ఉరుకుందప్పను అడిగాడు.

మరిది తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "వదినే సార్."

"గుత్త మాట ఇంగ ఎత్తొద్దు, ఉరుకుందప్పా," అంది హనుమంతమ్మ.

ఆరో ఏట అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయినప్పటి నుంచి ఆమె ఏ ఆకునూ చూసి ఎరగదు.