గడ్డపాయన గుప్పిట

గడ్డపాయన మళ్లీ వచ్చాడు. వస్తూనే ముసలాయన గది తలుపు దగ్గరగా వేశాడు.

ముందుగదిలో కుట్టుమిషను టక్కున ఆగింది.

టైలరమ్మకు ఆ మనిషంటే మొదటినుంచీ గిట్టదు. గుండెపోటు వచ్చిన తండ్రిని ఆసుపత్రి నుంచి తిన్నగా తన ఇంటికి తెచ్చుకుంది. ఆ వెనకే ఈయన తయారయ్యాడు. పేరు చెప్పడు, పని చెప్పడు. అడిగితే, నాన్నగారి ప్రార్థన మందిరం తాలూకు అంటాడు.

ఆ మందిరం సంగతి ఆమెకు తెలియనిదా? చావు దేవుడి పిలుపట, మందుతో దాన్ని ఆపడం పాపమట. మందు ముట్టనని తండ్రి చేత అందరి ముందూ ఒట్టు వేయించుకున్న ఘనులు. అలాంటివాడు రోజూ సరిగ్గా మాత్రల వేళకే ఊడిపడితే ఏమనుకోవాలి?

ఆవేళ తలుపు సందులోంచి చూసింది.

గడ్డపాయన మాత్ర తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని ఏదో గొణిగాడు. ఆపైన ఆయన వీపు అడ్డొచ్చింది. బయటికి వచ్చేటప్పుడు చెయ్యి జేబులో ఉంది.

గుమ్మంలోనే నిలదీసింది.

"మాత్ర ఏం చేశారు?"

"చేరాల్సిన చోటికి చేరిందమ్మా."

"ఆ చోటు మీ జేబేనా?"

ఆయన జేబు తిరగేసి చూపించాడు. చేతిరుమాలు తప్ప ఏమీ లేదు. పారేయడానికి గదిలో కిటికీ ఉందిగా అనుకుంది ఆమె.

"మా నాన్నకి ఏం నూరిపోస్తున్నారు?"

"ఆయన్నే అడగమ్మా. చెప్పనని మాటిచ్చాను."

"మాటలూ ఒట్లూ మీకు బాగానే అలవాటు. రేపట్నుంచి ఈ గడప తొక్కొద్దు."

ఆయన తలదించుకున్నాడు. "సరేనమ్మా. మింగేదాకా పక్కనే ఉండు."

"మీరా నాకు చెప్పేది?"

ముఖం మీదే తలుపు వేసింది.

ఇక మాత్రలు తనే ఇచ్చింది. తండ్రి కిక్కురుమనకుండా నోట్లో వేసుకునేవాడు, నీళ్లు తాగేవాడు. పీడ విరగడైందని ఆమె ఊపిరి పీల్చుకుంది. మిషను మీద పెండింగు బట్టలన్నీ తెమిలాయి.

కొన్నాళ్లకే ముసలాయన కుప్పకూలాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పెదవి విరిచింది. "చెయ్యి దాటిపోయింది. మందులెందుకు మాన్పించారు?"

"మాన్పించలేదండీ. నా చేత్తోనే ఇచ్చాను."

మంచం మీద తండ్రి పెదవులు కదిలాయి. "ఇచ్చావు తల్లీ. బుగ్గన దాచి, నువ్వెళ్లాక ఉమ్మేశాను. ఒట్టు కదా."

"మరి అంతకుముందు?"

"మింగాను. ఏ రోజు ఒట్టు ఆ రోజు తీసి గట్టున పెట్టి, అప్పుడు ఇచ్చేవాడాయన. మందిరంలో తెలిస్తే తలెత్తుకోలేనని, ఎవరికీ చెప్పొద్దన్నాను."

ఆమె మంచం మీదికి వంగింది. "తీయడానికి ఆయనెవరు నాన్నా?"

ముసలాయన ఊపిరి కూడదీసుకున్నాడు.

"వేయించినాయనేనమ్మా... మందు పట్టనివ్వక సొంతకొడుకుని పోగొట్టుకున్న దగ్గర్నుంచీ, మా అందరి ఇళ్లకీ తిరిగి తన చేత్తోనే మింగిస్తున్నాడు."