గాజుగదిలో చివరి పాట

మొదటి చెంపదెబ్బకే ఆదిలక్ష్మి తలకున్న హెడ్‌ఫోన్లు ఎగిరి నేలమీద పడ్డాయి.

“అంతమంది మొగోళ్ళ నడుమ పాడొద్దని చెప్పిన్నా లేదా?” అంటూ అమరేందర్ అవతలివాళ్ళకు కనపడకుండా గది లైటు ఆర్పేశాడు. మొగుడు కదా అని గ్లాస్గో స్టూడియోవాళ్ళే మర్యాదగా దారి చూపించారు.

అవతల హాల్లో బ్యాండంతా వాయిస్తోంది. ఆ బాకాల హోరు ఆమె మైకులో పడకూడదని వేరే గాజుగదిలో పెట్టారు. ఆమె గొంతు వాళ్ళకు హెడ్‌ఫోన్లలోనే వినిపిస్తుంది. తెలుగు మాటలతో జాజ్ ఆల్బమ్, ఇదే ఆఖరి పాట.

“నీకు దండం పెడ్తా, ఈ ఒక్క పాట కానియ్యి!”

జవాబుగా గుద్దు పడింది. పెదవి చిట్లి రక్తం కారింది. జడ చేతికి చుట్టుకుని ఆమె తలను గోడకేసి కొట్టాడు.

“అమ్మో! చంపుతున్నడు!” ప్రాణం పోయేలా కేకపెట్టింది.

కిందపడ్డ హెడ్‌ఫోన్లలో శాక్సఫోన్ ఆ కేకనే అందుకుని ఇంకా పైకి తీసుకుపోయింది. గాయని అప్పటికప్పుడు ఏది అల్లితే దానికి జవాబివ్వడం జాజ్‌లో మామూలే. తెలుగు ముక్క రానివాళ్ళకు చావుకేకా ఆలాపనే! బ్యాండ్‌మాస్టర్ చీకటి గదివైపు తిరిగి భేష్ అన్నట్టు బొటనవేలు ఎత్తి చూపాడు. అంత భయంలోనూ ఆదిలక్ష్మికి ఒళ్ళు మండింది.

“హెల్ప్ మీ! హెల్ప్ మీ!”

అదీ పాటలో మాటే అనుకుని బాకాలు అదే దరువులో తిరిగి పలికాయి. డ్రమ్మర్ హుషారుగా ఊపందుకున్నాడు.

అమరేందర్‌కు నవ్వాగలేదు. “చూసినవా? నువ్వు ఏడ్సినా ఆళ్ళకు పాటనే!” అంటూ కుర్చీ ఎత్తి ఆమె భుజంమీద బాదాడు. ఎముక పటుక్కుమంది. ఈసారి తలకు గురిపెట్టి మళ్ళీ ఎత్తాడు. “నోర్ముయ్!”

కాపురానికి వచ్చాక మొదటిసారి ఆదిలక్ష్మి మొగుడి మాట విన్నది. పళ్ళు బిగబట్టి కిక్కురుమనకుండా ఉండిపోయింది.

“గిట్ల దారికి రా!” అన్నాడతను, ఎత్తిన కుర్చీ ఎత్తినట్టే పట్టుకుని.

పాట అందుకోవలసిన చోట గొంతు పలకలేదు. శాక్సఫోన్ తడబడింది. డ్రమ్ములు ఆగాయి. హెడ్‌ఫోన్లలో ఎవరో ఆమెను పేరుపెట్టి పిలిచారు. ఆమె పలకలేదు.

కుర్చీ కిందికి దిగేలోపు తలుపు భళ్ళున తెరుచుకుంది. అన్ని కేకలకూ రాని బ్యాండు ఆమె గొంతు ఆగిందని పరుగెత్తుకొచ్చింది, మొదటి ట్రాంబోన్ బాకా అమరేందర్ నెత్తిమీదే మోగింది.