గంగమ్మకు పోసిన తెల్ల వైను

నా పేరు సిద్దమ్మ. వయసు డెబ్బై ఆరు. కాపురం కుప్పం. ఇంట్లో నేను, రోజూ రైల్లో బెంగళూరు పోయి హోటల్లో వడ్డించే మనవరాలు నీలిమ, దాని మూడేళ్ల బిడ్డ. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నీలిమ రాస్తోంది.

గంగమ్మ తల్లీ, మంగళవారం నీకు పొట్టేలు కోసి తలకూర పెట్టాను. బ్రాంది పోయాల్సిన చోట తెల్ల వైను పోశాను. కొన్నదీ నేనే, పోసిందీ నేనే.

ఆ సాయంత్రమే బిడ్డకు జ్వరం వచ్చింది. తెల్లారేసరికి ఒంటినిండా పొక్కులు లేచాయి. ఆసుపత్రి మందుకు తగ్గలేదు.

“ఆ వైనులో ఏముండాదే, తల్లికి ఇంత కోపమొచ్చింది?” అని నీలిమను అడిగాను.

“అది పల్చన, అవ్వా. నిమ్మకాయ మాదిరి పుల్లగా ఉంటాది. చేప వేపుడుకి, కారం లేని కోడికి పడతాది. తలకూర ఘాటు ముందర ఉత్త నీళ్లే.”

“అయితే తల్లికి నీళ్లు పోసినట్టే గదే” అన్నాను. అది తల వంచుకుంది.

తల్లీ, రేపు మిగిలిన వైనుకు చేప వేపుడు, కొత్త బ్రాందికి తలకూర, రెండూ పెడతాను. అప్పటికీ కోపం చల్లారకపోతే ఆ పొక్కులు నాకు వెయ్యి. మూడేళ్ల బిడ్డతో నీకేం పంతం? నా మీదికి రా, చూస్తాను.

ఇది సిద్దమ్మ వేలిముద్ర.

సాక్షి: నీలిమ. తల్లీ, అవ్వ నన్ను బ్రాందే తెమ్మంది. షాపు ముందు నిలబడటానికి సిగ్గుపడి, హోటల్లో మిగిలిన సీసా తెచ్చి పోసింది నేను. బిడ్డనూ అవ్వనూ వదిలెయ్యి. ఈ నాలుగు మాటలు అవ్వకు చదివి వినిపించలేదు.