పోటీకొచ్చిన మనిషి

టైలరమ్మ, డ్రైవరు మొగుణ్ణి వెంటబెట్టుకుని ఇల్లు చూడ్డానికి వెళ్లేసరికి, వెనక గదిలో ఎవరో పెద్దాయన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

గళ్ల చొక్కా. ఒళ్లో గొడుగు. కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఎవరన్నయ్యా ఆయన?" అని బ్రోకరుని గుసగుసగా అడిగింది.

"ఇంకో పార్టీ అమ్మా. పొద్దున్నే వచ్చాడు."

ఆమె గుండెల్లో రాయి పడింది.

తొమ్మిదేళ్లలో ఏడు అద్దె ఇళ్లు మారింది. ఎక్కడికి వెళ్లినా ఒకటే గొడవ: "మీ మిషను చప్పుడుకి మాకు నిద్ర పట్టట్లేదు, ఖాళీ చెయ్యండి." మిషను మానేస్తే ఇల్లు గడవదు. బస్సు నడిపే మొగుడి జీతం ఏ మూలకీ చాలదు. సొంత గదిలో, ఎవరికీ జడవకుండా కుట్టుకోవాలి. ఆమెకున్న కోరికల్లా అదొక్కటే. కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగితే ఇన్నాళ్లకు ఈ ఇల్లు దొరికింది.

వెనక గదిలో వెలుతురు ఎంత బాగుందంటే, సూదిలోకి దారం ఎక్కించడానికి లైటు వేసుకోనక్కర్లేదు.

సరిగ్గా ఆ గదిలోనే ఈయన!

"కొనకముందే కాపురం పెట్టేశాడు చూడండి," అని మొగుడి చెవిలో గొణిగింది.

పెద్దాయన లేచాడు. కిటికీ రెక్క తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. గోడ పొడుగునా అరచేత్తో నిమిరాడు. ఓ మూల మోకాళ్ల మీద ఒంగి, కిటికీ వైపు చూశాడు.

"పడుకున్నా వెనక వీధి కనిపిస్తుంది," అన్నాడు తనలో తను.

"మంచం ఎక్కడ వేసుకోవాలో కూడా చూసుకుంటున్నాడే!" అన్నాడు డ్రైవరు.

అప్పుడు చూశాడాయన వీళ్లని. నవ్వాడు.

"మీరు కొంటున్నారామ్మా?"

"చూస్తున్నామండీ," అంది ముక్తసరిగా.

"వానజల్లు ఈ కిటికీలోంచి నేరుగా కొడుతుంది. పైన రేకు వేయించుకోండి. మేడ మీద నీళ్లు పోయే గొట్టం ఆకులతో పూడుకుపోతుంది. పట్టించుకోకపోతే ఈ మూలకి చెమ్మ దిగుతుంది. చెమ్మ మంచిది కాదమ్మా. పిల్లలుంటే అసలు మంచిది కాదు."

"ఇంకా ఏమైనా ఉన్నాయా?"

ఆమె వెటకారం ఆయనకి అర్థమైనట్టు లేదు.

"అంతేనమ్మా. మిగతాదంతా బంగారంలాంటి ఇల్లు."

ఆయన అలా బయటికి వెళ్లాడో లేదో, ఆమె అందుకుంది.

"ఎంత గుంటనక్కో చూశారా? మనల్ని బెదరగొట్టి పంపించేసి, తను కొట్టేద్దామని! ఎన్నిసార్లొచ్చి చూసుకున్నాడో, లొసుగులన్నీ నోటికొచ్చు."

బ్రోకరు గొంతు సవరించుకున్నాడు.

"రేపు మళ్లీ వస్తానన్నాడమ్మా. తర్వాత మీ ఇష్టం."

ఇక ఆమె ఆగుతుందా! "ఒక్కరోజు ఆలోచిద్దామే" అన్న మొగుడి నోరు మూయించి, ఆ సాయంత్రమే బయానా ఇప్పించేసింది.

మర్నాడు కర్టెన్లకు కొలతలు తీసుకుంటానని బ్రోకరుని అడిగి తాళం తెచ్చుకుంది. టేపు పట్టుకుని ముందుగది కిటికీ దగ్గర నిలబడితే, గేటు దగ్గర గళ్ల చొక్కా కనిపించింది.

గబగబా వెళ్లి ఎదురు నిలబడింది.

"అమ్మకం అయిపోయిందండీ. మేమే కొన్నాం."

ఆయన ముఖం పాలిపోయింది.

"సంతోషం తల్లీ. ఒక్కసారి ఆ వెనక గది చూసి పోతాను."

"అమ్ముడుపోయిన ఇంట్లో చూడ్డానికి ఏముంటుందండీ?"

"అవును. ఏముంటుంది," అన్నాడు. కానీ కదల్లేదు.

"ఐదు నిమిషాలు చాలమ్మా. దేన్నీ ముట్టుకోను."

"నాకు అవతల బోలెడు పనుంది. వెళ్లిరండి."

గేటు వేసేసింది. లోపలికొచ్చి గెలిచినట్టు నవ్వుకుంది కూడా.

రిజిస్ట్రేషను అయ్యి, కొత్తింట్లో దిగారు. వానలు మొదలయ్యాయి.

డ్రైవరు మాత్రం పెద్దాయన మాట చెవిన వేసుకుని, ముందే రేకు వేయించాడు, గొట్టం శుభ్రం చేయించాడు. వీధిలో సగం ఇళ్ల గోడలు నానిపోయాయి. వీళ్లింట్లో చుక్క దిగలేదు. కుట్టడానికొచ్చిన బట్టల మీద తడి మరక పడలేదు.

మిషను తొక్కుతున్నప్పుడల్లా ఆమెకి ఆ ముఖమే గుర్తుకొచ్చేది. మేలు చెప్పిన మనిషిని గుంటనక్క అన్నానే, నోరు పడిపోను అని తనని తనే తిట్టుకునేది. పిలిచి ఇంత అన్నం పెడితే గానీ మనసు కుదుటపడదనిపించి, ఒకరోజు బ్రోకరు దగ్గరికి వెళ్లింది.

"అన్నయ్యా, ఆ గళ్ల చొక్కా పెద్దాయన నంబరు ఇస్తావా?"

"ఆయన పోయాడమ్మా. నెల కావస్తోంది."

ఆమె బల్ల మీద కూలబడింది.

"అయ్యో! ఇల్లు కొనుక్కోకుండానే పోయాడా? నేనే కదా అడ్డుపడింది!"

బ్రోకరు తల దించుకునే చెప్పాడు.

"కొనే స్తోమత ఆయనకెక్కడిదమ్మా? ఆయన్ని చూస్తే కొనేవాళ్లు తొందరపడతారని నేనే పార్టీ అని చెప్పేవాణ్ణి. ఆ ఇల్లు అమ్మకానికి వచ్చిన ప్రతిసారీ వచ్చేవాడు. మీతో మూడోసారి."

"కొననివాడు ఎందుకు రావడం?"

"అమ్మకానికి పెట్టినప్పుడే కదమ్మా, పరాయివాణ్ణి లోపలి గది దాకా రానిస్తారు!"

"ఆ గదిలో ఏముందని?"

"ముప్పై ఏళ్ల కిందట ఆ ఇంట్లో అద్దెకుండేవాడు," అన్నాడు బ్రోకరు. "ఆ వెనక గదిలో రెండేళ్లు మంచం మీదే ఉండి, తొమ్మిదో ఏట కన్నుమూసిన పిల్లకి తండ్రి అమ్మా ఆయన."