ముళ్లపంది సినిమాకొచ్చే మనిషి

“అక్కా, మన కునుకు మాస్టారు వచ్చాడు,” అన్నాడు క్యాంటీన్ అతను, గాజు పెట్టె తుడుస్తూ.

గేటు దగ్గర టికెట్లు చించే ఆమె తలెత్తలేదు. ఆమె మొహాలు చూడదు. చేతులు చూస్తుంది, టికెట్లు చూస్తుంది.

ఆ చెయ్యి ఆమెకు తెలుసు. నిప్పురవ్వలు పడి వేళ్లనిండా కాలిన మచ్చలు. వెల్డింగ్ పనిచేసే చెయ్యి.

పదమూడు రోజులుగా అది రోజూ మధ్యాహ్నం ఆటకి ఒక్క టికెట్టే చాపుతోంది.

ఆడుతున్నది పిల్లల బొమ్మల సినిమా. ముళ్లున్నాయని అడవిలో అందరూ తరిమేసే ఒక ముళ్లపంది పిల్లని కుందేళ్ల కుటుంబం ఇంట్లో పెట్టుకునే కథ.

పెద్దవాళ్లెవరైనా పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. ఇతను ఒక్కడే వస్తాడు. వెనక వరసలో మూల సీట్లో కూర్చుంటాడు. బొమ్మ పడగానే కళ్లు మూసుకుంటాడు. ఆట అయ్యాక లేచి వెళ్లిపోతాడు.

“టికెట్టు కొనుక్కుని మరీ నిద్రపోయే మొనగాణ్ణి ఇతన్నే చూశాను,” అన్నాడు క్యాంటీన్ అతను. “ఇంట్లో మంచం విరిగిందేమో.”

ఆమె నవ్వలేదు. టికెట్టు చించి సగం ఇచ్చింది.

“ఇవాళే ఆఖరి ఆట కదమ్మా?” అన్నాడతను. ఇన్నాళ్లలో అతను నోరు విప్పడం అదే మొదలు.

“అవును. రేపు వేరే సినిమా.”

“అయితే ఇదొక్కటి చూసేస్తే సరి,” అని లోపలికి వెళ్లాడు.

కాసేపటికి బడిపిల్లలు దిగారు. నలభై మంది. ముందు టీచరు, చేతిలో కాగితాల కట్ట. పిల్లకొకటి చొప్పున పంచింది. పైన అచ్చువేసి ఉంది, ‘ఈ సినిమా చూసి నేను నేర్చుకున్న విషయాలు’ అని. కింద ఐదు గీతలు.

“ఊరికే నోరు తెరుచుకుని చూడ్డం కాదు. తర్వాత రాయాలి,” అంది టీచరు.

లోపలికి వెళ్లినావిడ వెంటనే వెనక్కి వచ్చింది.

“వెనకాల ఎవరో మగమనిషి కూర్చున్నాడు. ఎవరి తండ్రి?”

“ఎవరి తండ్రీ కాదండీ. ఒక్కడే వస్తాడు.”

“ఒక్కడా? పిల్లల సినిమాకా?”

“రోజూ వస్తాడండీ.”

“మేనేజరుగార్ని పిలవండి,” అంది టీచరు.

మేనేజరు వచ్చాడు. విన్నాడు. గేటామెను పక్కకి పిలిచాడు.

“నువ్వెళ్లి చెప్పక్కా. మెల్లగా.”

“ఆయనేం చేశాడు సార్?”

“ఏం చెయ్యలేదు. చేశాక మనమేం చేస్తాం?”

ఆమె టార్చి తీసుకుని లోపలికి వెళ్లింది.

తెరమీద ముళ్లపంది పిల్ల కుందేళ్ల తలుపు కొడుతోంది. “ముందు దగ్గరికి రండి బాబూ, భయపడ్డం తర్వాత చూసుకుందురుగాని!”

నలభై మందీ ఒక్కసారి గొల్లుమన్నారు.

మూల సీట్లో అతను కళ్లు మూసుకునే ఉన్నాడు. కానీ నిద్రలో లేడు. పెదాలు నవ్వుతున్నాయి.

“లేవండి. బయటికి రావాలి,” అంది ఆమె వంగి.

“ఎందుకమ్మా?”

“పిల్లలున్నారు.”

“పిల్లలున్నారనేగా...” అని ఆగిపోయాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “ఈ ఒక్క ఆటా ఉండనివ్వమ్మా. కావాలంటే తలుపు పక్కన నుంచుంటాను.”

“కుదరదండీ.”

టార్చి వెలుగుకి ముందు వరసలో ఇద్దరు పిల్లలు నవ్వు ఆపి వెనక్కి తిరిగారు. అది చూసి అతను చప్పున లేచాడు. చప్పుడు కాకుండా సీటు మడిచాడు.

“టీచర్, ఆ అంకులేం చేశాడు?” అంది ఒక పిల్ల.

“నువ్వు సినిమా చూడు.”

మేనేజరు టికెట్టు డబ్బు తిరిగిస్తానన్నా అతను ఆగలేదు. వీధి దాటి వెళ్లిపోయాడు.

ఆట అయ్యాక పిల్లలు మెట్లమీద కూర్చుని రాశారు. ఒకడు లేచి చదివాడు.

“ఒకటి. పైకి ఎలా ఉన్నారో చూసి ఎవర్నీ దూరం పెట్టకూడదు.”

“శభాష్,” అంది టీచరు. “రెండోది?”

గేటామె సీట్ల కింద ఊడవడానికి లోపలికి వెళ్లింది.

మర్నాడు పొద్దున ముళ్లపంది బ్యానరు దింపుతుంటే ఒకావిడ వచ్చింది. చేతిలో టికెట్టు లేదు.

“బుకింగు అటుపక్క,” అంది గేటామె.

“సినిమాకి కాదమ్మా. ఇక్కడ టికెట్లు చించేది మీరేనా? మా ఆయన రోజూ వచ్చేవాడు. చేతులమీద మచ్చలుంటాయి.”

గేటామె చూపు ఆవిడ చేతులమీదే ఉంది.

“నిన్న ఆఖరి ఆట చివరిదాకా చూశానన్నాడు. బడిపిల్లలొచ్చారట, హాలు దద్దరిల్లేలా నవ్వారట. గేటు దగ్గరావిడ మంచిది, రోజూ ఏమీ అడక్కుండా లోపలికి పంపిందన్నాడు. ఇంటికొచ్చి నాతో అంతసేపు మాట్లాడింది నిన్ననే. మీకో మాట చెప్పి పోదామని వచ్చాను.”

గేటామె తలెత్తి ఆవిడ మొహం చూసింది. జరిగింది చెప్పాలనుకుంది.

“ఆయనకి ఆ సినిమా అంటే అంత ఇష్టమా?” అంది చివరికి.

“సినిమాదేముందమ్మా. అందులో ముళ్లపంది పిల్లకి గొంతిచ్చింది మా అమ్మాయి. సినిమా వచ్చేసరికి అది లేదు. దాని మాటలు ఫోన్లో ఉన్నాయి గాని, ఇంట్లో వింటే మా ఇద్దరికీ ఏడుపే. ఇక్కడైతే దాని మాటలకి పిల్లలు నవ్వుతారని వచ్చేవాడు,” అంది ఆవిడ. “ఆ ముక్క మీతో చెప్పమంటే మాత్రం, చెబితే ఆ నోటా ఈ నోటా పిల్లలదాకా పోతుంది, ఇక వాళ్లు నవ్వరు అనేవాడు.”